పరమతౌదార్యము: రోజరు విలియమ్సు చరిత్రము

తన మతమునందు పట్టు సడలినవాడే పరుల మతమును సహింపగలడని యొక యభిప్రాయము విద్యావంతులలో వ్యాపించియున్నది. దేవునియందును ధర్మగ్రంథమునందును దృఢవిశ్వాసము గలవాడు తనతో ఏకీభవింపనివానిని ద్వేషింపక మానడనియు, కావున లోకమున సామరస్యము నెలకొనవలెనన్న విశ్వాసము కొంత చల్లబడవలెననియు వీరి తర్కము. మతావేశపరులు వేరొక దారిని నడిచి యీ నిర్ణయమునకే చేరుచున్నారు. సహనమనగా భక్తిలోపమేయని వారు నిందింతురు. ఉభయులును పొరబడుచున్నారని మా నమ్మకము. క్రైస్తవమత చరిత్రమున ఇందుకొక గొప్ప నిదర్శనము గలదు. పదునేడవ శతాబ్దమున అమెరికా తూర్పుతీరమున రోడు ఐలెండు అను చిన్న వలసరాజ్యమును స్థాపించిన రోజరు విలియమ్సు జీవితమే ఆ నిదర్శనము. తనకంటె భిన్నముగా క్రీస్తును కొలుచువారిని ఇతడు తీయని మాటలతో లాలించినవాడు కాడు. వారిలో అనేకుల సిద్ధాంతములు తప్పని జీవితాంతము వాదించినవాడు. వారితో కలిసి ప్రార్థించుటకుగూడ సమ్మతింపనివాడు. అట్టివాడే వారికి ఇండ్లు కట్టుకొనుటకు నేల నిచ్చి, వారి ప్రార్థనలకు ఎవరును అడ్డురాకుండునట్లు కట్టుబాటు చేసెను. ఈ రెండును ఒక్క మనుష్యునియందు ఎట్లు పొసగెనో తెలియుటకు అతని కథను కొంత విపులముగ చెప్పవలసియున్నది.

విలియమ్సు 1603 ప్రాంతమున లండను నగరమున జన్మించెను. తండ్రి వర్తకుడు. వారి యిల్లు స్మిత్‌ఫీల్డు మైదానమునకు చేరువ. మతద్రోహులని పేరు పెట్టి మనుష్యులను సజీవముగ దహించిన స్థలమది. క్రీస్తు దైవత్వమును అంగీకరింపలేదను నేరముపై బార్తలొమ్యూ లెగేటు అనువానిని 1612 లో అచ్చటనే కాల్చిరి. అప్పటికి విలియమ్సు ఎనిమిది తొమ్మిదేండ్ల బాలుడు. ఆ పేటలో పెరిగినవాడు ఆ వార్త వినకుండుట అసంభవము. యౌవనారంభమున అతడు సంక్షిప్తలేఖనము నభ్యసించెను. మన న్యాయవాదులకు సుపరిచితుడగు సర్ ఎడ్వర్డు కోకు, స్టార్ ఛాంబరు న్యాయస్థానమున ఈ బాలుడు ప్రసంగములను వ్రాసికొను నేర్పును చూచి ముచ్చటపడి, 1621 లో చార్టర్‌హౌసు పాఠశాలలో చేర్పించెను. పిమ్మట కేంబ్రిడ్జిలోని పెంబ్రోకు కళాశాలయందు చదివి 1627 లో విలియమ్సు పట్టభద్రుడయ్యెను. రాజునకును చట్టము పైనున్నదని రాజు నెదుటనే వాదించిన కోకు చెంత పెరిగినవాడు అధికారమునకు హద్దు గీయ నేర్చెననుటలో వింత లేదు.

1629 లో అతడు మేరీ బార్నర్డు అను కన్యను వివాహమాడెను. అప్పటికే విలియము లాడు లండను బిషప్పుగానుండి, ప్రభుత్వ మతసంఘపు ఆచారములను అంగీకరింపని ప్యూరిటనులను వేధించుచుండెను. 1630 డిసెంబరులో దంపతులు బ్రిస్టలు రేవున లయన్ అను నోడ నెక్కి, 1631 ఫిబ్రవరిలో మసాచుసెట్సు తీరమున దిగిరి.

అచ్చటి ప్యూరిటనులు ఇంగ్లండులో హింసకు లోనై, సముద్రము దాటి, అడవులను నరికి, తమకొక ధర్మరాజ్యమును కట్టుకొనుచుండిరి. అయితే ఆ ధర్మము వారి ధర్మము మాత్రమే. సంఘసభ్యుడు కానివానికి ఓటు లేదు. ఆదివారము ప్రార్థనకు రానివానికి శిక్ష గలదు. బాధపడి వచ్చినవారు బాధపెట్టుటకు ఎంతకాలమును పట్టలేదు. ఇది ప్యూరిటనుల కొక్కరికే చెల్లిన దోషము కాదని మాత్రము చెప్పి విడిచెదము.

బోస్టను సంఘమువారు విలియమ్సునకు బోధకపదవి నీయజూపిరి. ఇరువదియెనిమిదేండ్ల యువకునకు, జీవనాధారము లేని పరదేశమున, ఇంతకంటె గొప్ప యదృష్టము లేదు. అతడు నిరాకరించెను. బోస్టను సంఘము ఇంగ్లండు ప్రభుత్వ మతసంఘముతో సంబంధమును తెంచుకొనలేదు గాన అది పరిశుద్ధము కాదని అతని యాక్షేపణ. మన కథానాయకుని మొదటి ప్రవృత్తి ఔదార్యము కాదు, పట్టుదల యని పాఠకులు గమనింతురుగాక. సేలము గ్రామమునకు పోయెను. బోస్టను పెద్దలు అడ్డుపడిరి. ప్లిమతునకు పోయి రెండేండ్లు పొలము దున్నుకొని, వర్తకము చేసికొని, ఉపన్యసించుచు గడపెను. ఆ కాలముననే ఆదినివాసుల గుడిసెలలో, పొగలో, మురికిలో వారితోపాటు పరుండి, వారి భాషను నేర్చెను. 1633 లో మరల సేలమునకు వచ్చెను.

అచ్చట అతడు లేవదీసిన వాదములు మసాచుసెట్సు ప్రభుత్వపు పునాదులనే కదలించినవి. మొదటిది భూమిని గూర్చినది. ఇంగ్లండు రాజు సనదు నిచ్చినాడు గనుక ఈ నేల మాదని వలసవారు చెప్పుచుండిరి. తనది కాని నేలను దానము చేయుటకు రాజెవ్వడని విలియమ్సు ప్రశ్నించెను. నేల ఆదినివాసులది; వారియొద్ద న్యాయముగ కొనినదే మనదగునని అతని మతము. పట్టా, సనదు, ఇనాము అను మాటల బరువెరిగిన మన భూస్వాములకు ఈ ప్రశ్నలోని తీక్ష్ణత వేరుగ చెప్పనక్కరలేదు. రెండవది ప్రమాణమును గూర్చినది. దైవభక్తి లేనివానిచే దేవుని పేర ప్రమాణము చేయించుట దేవుని నామమును వ్యర్థము చేయుటయని అతడు చెప్పెను. మూడవది అన్నిటికంటె ముఖ్యము. దశాజ్ఞలలో దేవునియెడ మనుష్యుని విధులను చెప్పు మొదటి యాజ్ఞల విషయమున దండాధికారికి ఎట్టి యధికారమును లేదనెను. హత్య, దొంగతనము, అబద్ధసాక్ష్యము దండింపవచ్చును. ఎవడు దేవుని నెట్లు కొలుచునో, కొలువకుండునో, అది కత్తి పట్టినవాని విషయము కాదు.

1635 అక్టోబరులో శాసనసభవారు అతనికి దేశబహిష్కారము విధించిరి. భార్య నిండుచూలాలు, తాను రోగపీడితుడు. కావున వసంతకాలము వరకు గడువిచ్చిరి. నోరు మూసికొనియుండవలెనని షరతు. అతడు మూసికొనలేదు, ఇంటికి వచ్చినవారికే బోధింపసాగెను. పట్టుకొని ఇంగ్లండు ఓడ నెక్కింప నిశ్చయించి 1636 జనవరిలో కెప్టెను అండర్‌హిల్లును పంపిరి. భటులు తలుపు తట్టునప్పటికి అతడు వెళ్ళి మూడు దినములైనది. గవర్నరు పదవి వహించియుండిన జాన్ విన్‌త్రోపు అతనికి రహస్యముగ వ్రాసి, నారగాన్సెట్టు అఖాతమువైపు పొమ్మని సూచించియుండెను. అతని సిద్ధాంతములు అపాయకరములని తలచినవారిలో విన్‌త్రోపు ఒకడు. అయినను మనిషిని కాపాడెను. విలియమ్సు ఈ మేలును మరువలేదు. 1649 లో విన్‌త్రోపు మరణించువరకు వారిరువురును ఉత్తరములు వ్రాసికొనుచునే యుండిరి. ప్రూడెన్సు అను నొక ద్వీపమును కానోనికసు అను ఆదినివాసుల దొరయొద్ద భాగస్వాములుగ సంపాదించి అందు పందులను మేపుకొనిరి. దేశమునుండి వెళ్ళగొట్టిన పక్షమువాడు, వెళ్ళగొట్టబడినవాడు పొత్తున నేల కలిగియుండుట చరిత్రలో తరచు చూడబోము.

ఆ మంచులో పదునాలుగు వారములు అతడు దిక్కులేక తిరిగెను. అన్నము పెట్టి ప్రాణము నిలిపినవారు ఆదినివాసులు. వాంపనోగు జాతినాయకుడు మస్ససోయితు అతనికి ఆశ్రయమిచ్చెను. క్రైస్తవులు వెళ్ళగొట్టిన క్రైస్తవుని క్రైస్తవేతరులు పోషించిరి. ఈ సంగతిని విలియమ్సు కడవరకు చెప్పుచుండెను. వసంతమున సీకాంకు నదీతీరమున విత్తనములు చల్లగా, అది ప్లిమతు హద్దులోనిది, బోస్టనువారికి కోపము వచ్చును, దయచేసి ఏరు దాటుమని ప్లిమతు గవర్నరు విన్‌స్లో కబురు పంపెను. పెరుగుచున్న పైరును విడిచి, కొద్దిమంది సహచరులతో పడవమీద దాటి, నారగాన్సెట్టు దొరలగు కానోనికసు, మియాంటొనోమి అనువారియొద్ద నేలను పొంది, దైవానుగ్రహమున లభించినదను నర్థమున ఆ చోటికి ప్రావిడెన్సు అని పేరు పెట్టెను. ఇది 1636 వ సంవత్సరము. ఆ నేల ధనముచేత గాక స్నేహముచేత లభించినదని అతడు పలుమారు వ్రాసెను. కావలెనన్న తానొక జమీందారుగ నుండవచ్చును. కాని తనతో వచ్చినవారికిని, బాధపడి వచ్చువారికిని దానిని పంచెను. గృహస్థులందరు ఒడంబడిక వ్రాసికొనిరి: అధికసంఖ్యాకుల నిర్ణయమునకు లోబడుదుము, అయితే లౌకికవిషయములలో మాత్రమే. ఈ యొక్క మినహాయింపు ఆనాటి క్రైస్తవలోకమున నూతనము.

అది కాగితముమీది మాటగా నిలువలేదు. రెండేండ్లు తిరుగకుండగనే దానికి పరీక్ష వచ్చెను. జాషువా వెరిను అనునతడు సేలమునుండి వచ్చి ప్రావిడెన్సులో తొలుత కాపురమున్నవారిలో నొకడు. విలియమ్సు ఇంట జరుగు ప్రార్థనాసభలకు తాను రాడు; భార్య జేను పోవుచుండెను. భర్త ఆమెను ఆపెను, కొట్టెను. అతడు సభకు రాకపోవుటను ఎవరును ప్రశ్నింపలేదు. భార్యను ఆపుట మాత్రము గ్రామస్థుల విచారణకు వచ్చెను. భార్య భర్తకు లోబడవలెననునది దేవుని యాజ్ఞ, దానిని పాలించుట ఆ భర్త యంతరాత్మకు సంబంధించినది, దానిని మీరు బలాత్కరించుచున్నారని వెరిను పక్షమున ఒక పెద్ద వాదించెను. ఇది చిన్న వాదము కాదు. స్వేచ్ఛ పేరనే స్వేచ్ఛను కట్టివేయు వాదము. గ్రామస్థులు ఆలోచించి, అంతరాత్మ స్వాతంత్ర్యమును ఉల్లంఘించినందులకు వెరిను ఓటుహక్కును 1638 మే నెలలో తీసివేసిరి. అతడు అలిగి భార్యతోకూడ సేలమునకు మరలిపోయెను. పురుషుని విశ్వాసమునకు ఇంటిలోని స్త్రీ విశ్వాసము లోబడనక్కరలేదని పదునేడవ శతాబ్దముననే ఒక పల్లెటూరి పంచాయితీ తీర్పు చెప్పినది. మన గృహములలో ఈ తీర్పును ఎందరు జీర్ణించుకొందురో పాఠకులే చూచుకొందురుగాక.

ఈ నడుమ 1637 లో పీకాటు జాతితో యుద్ధము వచ్చెను. నారగాన్సెట్టులు పీకాటులతో చేరినచో ఆంగ్లేయుల వలసలు నశించును. తనను వెళ్ళగొట్టిన బోస్టనువారు కోరగా విలియమ్సు ఒంటరిగ పడవ నెక్కి, తుపానులో అఖాతమును దాటి, పీకాటు దూతలున్న గుడిసెలోనే మూడు దినములు కూర్చుండి, నారగాన్సెట్టులను ఆంగ్లేయుల పక్షమునకు త్రిప్పెను. అపకారికి ఉపకారము చేసెను. బహిష్కారమును మాత్రము వారు తొలగింపలేదు. ఆ యుద్ధములో పీకాటులకు జరిగిన ఘోరమును తలచినచో ఈ యుపకారమును నిండుమనస్సుతో మెచ్చుటకు మాకు నోరు రాకున్నది.

1639 ప్రాంతమున అతడు వయోజన స్నానసంస్కారవాదులతో చేరి తానును బాప్తిస్మము పొందెను. అమెరికాలో మొదటి బాప్టిస్టు సంఘము అదియే. 1840 లో నెల్లూరునకు వచ్చి, తరువాత ఒంగోలు ప్రాంతమున విస్తరించిన అమెరికను బాప్టిస్టు బోధకుల పరంపర ఈ ప్రావిడెన్సు సంఘమును తమ దేశమున ఆద్యముగ నెంచును. ఆంధ్రదేశమునకు విలియమ్సుతో గల సంబంధ మీపాటిది. కాని కొన్ని నెలలకే అతడు ఆ సంఘమునుగూడ విడిచెను. అపొస్తలుల కాలపు నిజమైన సంఘము భూమిమీద అంతరించినదనియు, దేవుడు మరల అపొస్తలులను పంపువరకు వేచియుండవలసినదే యనియు అతనికి తోచెను. పిదప నలువది సంవత్సరములకు పైగా అతడు ఏ సంఘమునను సభ్యుడు కాడు. ఇచ్చటనే అతని ఔదార్యమునకు కీలకమున్నదని మా యభిప్రాయము. సత్యము ఉన్నదని అతడు ఎన్నడును సంశయింపలేదు. అది ఏ సంఘమువారి పెట్టెలోనో తాళము వేయబడియున్నదని మాత్రము నమ్మలేదు. సత్యము కొరకు వెదకువానిని కొట్టుట, దేవుని పనికి అడ్డుపడుట యని నమ్మెను.

1643 లో వలసకు సనదు తెచ్చుటకై ఇంగ్లండునకు పోయెను. బోస్టను రేవున కాలుపెట్ట వీలులేదు గాన డచ్చివారి రేవునుండి పోవలసివచ్చెను. ఓడలో కూర్చుండి ఆదినివాసుల భాషపై నొక గ్రంథమును సిద్ధపరచి ఆ యేటనే లండనులో ముద్రించెను. పదములతోపాటు వారి ఆతిథ్యము, కుటుంబధర్మములు అందు వర్ణింపబడినవి. కొన్ని గుణములందు వారు క్రైస్తవులకంటె మేలని నిర్భయముగ చెప్పబడినది. వారిని గుంపులుగ చేర్చి బాప్తిస్మమిచ్చుట తనకు సులభమే యైనను, హృదయము మారక పేరు మారినంతమాత్రమున క్రైస్తవుడు కాడని 1645 లో ప్రకటితమైన మరియొక చిన్న పుస్తకమున వాదించెను. లండనులో అప్పుడు అంతర్యుద్ధము. న్యూకాసిలు బొగ్గు రాక పేదలు చలికి మాడుచుండిరి. సనదు కొరకు వచ్చిన యీ దూత వారికి కట్టెలు చేర్చు పనిలో దిగెను. 1644 మార్చిలో సనదు చేతికి వచ్చెను.

ఆ సంవత్సరము జూలైలో అతని ప్రధానగ్రంథము వెలువడెను. మతహింస యొక్క రక్తసిద్ధాంతమును ఖండించునది. సత్యము, శాంతి అను ఇద్దరు స్త్రీల సంభాషణరూపమున నడచును. శైలి జటిలము, పునరుక్తులు మెండు. చదువుట కష్టమని ఒప్పుకొనవలెను. వాదము మాత్రము వజ్రతుల్యము. క్రీస్తు చెప్పిన గోధుమలు, గురుగుల దృష్టాంతమును అతడు ముఖ్యాధారముగ గైకొనెను. గురుగులను పెరికినచో గోధుమలుగూడ పెల్లగిలును గాన కోతకాలమువరకు రెంటిని ఎదుగనిమ్మని యజమానుడు పనివారితో చెప్పెను. ఆ పొలము క్రైస్తవసంఘము, అందు దోషులను కొంత సహింపుమని తాత్పర్యమని హింసావాదులు చెప్పుచుండిరి. పొలమనగా లోకమని క్రీస్తే విప్పి చెప్పియుండగ మీరెవరు మార్చుటకని విలియమ్సు నిలదీసెను. సంఘము తనలోని తప్పును మాటచేత దిద్దుకొనవచ్చును, వెలివేయవచ్చును. లోకమున కత్తి పట్టి కలుపు తీయుట ఎవరికిని తగదు. బలాత్కారముచే ప్రార్థనకు వచ్చినవాడు కపటియగును. కపటిని తయారుచేసిన పాపము బలవంతపెట్టినవానిదే. ఆ సంవత్సరమే బోస్టను బోధకుడగు జాన్ కాటనునకు ప్రత్యుత్తరముగ ముద్రించిన మరియొక పుస్తకమున సంఘమను తోటకును, లోకమను అడవికిని నడుమ నొక గోడ యుండవలెనని అతడు వ్రాసెను. తోటను కాపాడుటకే ఆ గోడ. 1802 లో జెఫర్సను ఈ గోడ మాటనే రాజకీయార్థమున వాడెను. పార్లమెంటువారు విలియమ్సు ప్రధానగ్రంథమును తలారిచేత తగులబెట్టించిరి. అప్పటికి అతడు ఓడ నెక్కి పోయియుండెను.

1651 లో, చేతికందివచ్చిన వర్తకస్థానమును అమ్మి, జాన్ క్లార్కుతో మరల ఇంగ్లండునకు పోవలసివచ్చెను. ఈ పర్యాయము మహాకవి మిల్టనునకు డచ్చిభాషను చదివి వినిపించి, ప్రతిగ వేరు భాషలను నేర్చుకొనెను. యూదులను మరల ఇంగ్లండునకు రానీయవలెనని వాదించెను. 1654 లో తిరిగివచ్చి మూడేండ్లు వలసకు అధ్యక్షుడుగ నుండెను. ఆ కాలమున కొందరు, అంతరాత్మ స్వాతంత్ర్యమున్నది గదా, ఊరికావలికి ఆయుధము పట్టుమని మమ్ము బలవంతపెట్టరాదనిరి. 1655 లో అతడు పురజనులకు వ్రాసిన లేఖలో నొక ఓడను ఉపమానముగ తెచ్చెను. ఓడలో కాథలిక్కులు, ప్రొటెస్టెంటులు, యూదులు, తురకలు పయనించుచున్నారు. ఓడలోని ప్రార్థనకు రమ్మని ఎవరిని బలవంతపెట్టరాదు. వారి వారి ప్రార్థనలను ఆపరాదు. అయినను ఓడ నడుపు అధికారము నాయకునిదే. కూలి ఇచ్చుకొనుటకు గాని, పని చేయుటకు గాని నిరాకరించి తిరుగబడువానిని అతడు దండింపవచ్చును. స్వేచ్ఛకును అరాచకమునకును నడుమ హద్దును ఇంతకంటె తేటగ చూపినవారు అరుదు.

ఇక క్వేకరుల కథ. 1656 లో వీరు బోస్టనునకు వచ్చిరి. ప్రతి మానవుని హృదయమున దివ్యజ్యోతి యున్నదనియు, పురోహితులు, సంస్కారములు అనవసరమనియు వీరి మతము. అధికారులయెదుట టోపీ తీయరు. ప్రార్థనల నడుమ లేచి మాటలాడుదురు. బోస్టనువారు కొరడాలతో కొట్టిరి, చెవులు కోసిరి, కడకు 1659 నుండి 1661 లోపల నలుగురిని ఉరితీసిరి. వారిలో మేరీ డయరు రోడు ఐలెండులోని న్యూపోర్టు నివాసిని. ఒకసారి ఉరికంబము చెంతనుండి విడువబడియు, మరల బోస్టనునకు పోయి 1660 జూన్ 1 వ తేదీన ప్రాణమర్పించెను. పొరుగు వలసలు నాలుగును కూడి, క్వేకరులను వెళ్ళగొట్టుడని 1657 లో రోడు ఐలెండువారికి తాకీదు పంపినవి. కాదన్నచో వర్తకమునకు అడ్డము వచ్చెదమను బెదరింపుకూడ ధ్వనించినది. మాటలచేత తమ యభిప్రాయములను తెలుపుకొనువారిని శిక్షించు చట్టము మాకు లేదని రోడు ఐలెండువారు ప్రత్యుత్తరమిచ్చిరి. వాదించుటకు స్వేచ్ఛ యున్న చోట వారికి బలము తగ్గుననియు, హింసించిన చోటనే వారి సంఖ్య పెరుగుచున్నదనియు తెలియజేసిరి.

విలియమ్సునకు క్వేకరులమీద ప్రేమ యుండెనా? లేశమును లేదు. హృదయజ్యోతి పేర వీరు ధర్మగ్రంథమును, చారిత్రక క్రీస్తును కాలదన్నుచున్నారని అతడు తలచెను. వారి యమర్యాద అతనికి మిక్కిలి జుగుప్సాకరము. 1672 లో క్వేకరుల యగ్రనాయకుడు జార్జి ఫాక్సు న్యూపోర్టునకు వచ్చినప్పుడు, పదునాలుగు ప్రతిపాదనలను వ్రాసి వాదమునకు రమ్మని పిలిచెను. లేఖ చేతికందకముందే ఫాక్సు పయనమైపోయెను. అతని శిష్యులు మువ్వురు పూనుకొనిరి. అప్పటికి విలియమ్సు డెబ్బదియేండ్లకు చేరువ. ప్రావిడెన్సునుండి న్యూపోర్టునకు సుమారు ముప్పది మైళ్ళు. ఆ ముసలివాడు పగలెల్ల తానే తెడ్లు వేసికొనుచు పోయి నడిరేయి వేళకు గట్టు చేరెను. మరునాడు క్వేకరుల ప్రార్థనామందిరమునందే వాదము. అప్పటి గవర్నరు నికొలసు ఈస్టను క్వేకరు. సభలో జనులు హెచ్చుగ క్వేకరులు. వారు మధ్యమధ్య అడ్డుపడుచుండిరి. ఇతని గొంతు బొంగురుపోయెను. మూడు దినములు న్యూపోర్టులో, ఒక దినము ప్రావిడెన్సులో వాదించి ఎవరును ఎవరికిని లోబడక లేచిపోయిరి. పిమ్మట విలియమ్సు ఫాక్సుపై నిందాపూరితమగు పెద్ద గ్రంథమును వ్రాసి 1676 లో ముద్రించెను. ఫాక్సు పక్షము వారును 1678 లో అంతే కారముగ బదులిచ్చిరి.

ఈ దృశ్యమును మేము పలుమారు తలచుకొందుము. తాను నెలకొల్పిన వలసలో తాను ద్వేషించు సిద్ధాంతమువారు గద్దె నెక్కిరి. నాలుగు దశాబ్దములకు పూర్వము అతడొక్క మాట విడిచియుండినచో వారికచ్చట నిలువ నీడ యుండదు. అతడు భటుని పిలువలేదు. పడవ నెక్కి పోయి వాదించెను. అయినను మచ్చ నొకదానిని దాచరాదు. ఆ గ్రంథముననే, అంతరాత్మ పేర చేయబడు అమర్యాదను మితముగ శిక్షించుట హింస కాదని అతడు వ్రాసెను. ఈ మాట అతని పూర్వసిద్ధాంతమునకు చెల్లదని మా యభిప్రాయము. అదృష్టవశమున దానిని ఎవరును చట్టముగ చేయలేదు.

అంతకంటె పెద్ద మచ్చ వేరొకటి కలదు. ఆదినివాసులతో అతని స్నేహమును ఆంగ్లేయుల నేలయాశ మ్రింగివేసెను. మియాంటొనోమిని, విలియమ్సు ఇంగ్లండులోనున్న 1643 లో, పొరుగువలసల పెద్దల సమ్మతితో చంపిరి. కానోనికసు 1647 లో మరణించెను. మస్ససోయితు కుమారుడు మెటకము 1675 లో ఆంగ్లేయులపై తిరుగబడెను. ఆ డిసెంబరులో వలసల సేనలు నారగాన్సెట్టుల కోటపై బడి స్త్రీలను, పిల్లలను వందలకొలది దహించెను. ప్రతీకారముగ 1676 మార్చి 29 వ తేదీన నారగాన్సెట్టులు ప్రావిడెన్సును తగులబెట్టిరి. వృద్ధుడగు విలియమ్సు కఱ్ఱ యూతగ ఎదురుపోయి మాటలాడెననియు, నీకు హాని చేయము గాని ఊరిని విడువమని వారు చెప్పిరనియు ప్రతీతి. అతని యిల్లును కాలిపోయెను. ఆ వేసవిలో పట్టువడిన ఆదినివాసులను నియమితకాలము దాస్యమునకు అమ్మిన గ్రామసంఘమున అతడును సభ్యుడు. 1652 లో నల్లవారినిగాని, తెల్లవారినిగాని పదియేండ్లకు మించి దాస్యమున ఉంచరాదని శాసించిన వలస యిదియే. ఆ శాసనము అమలు కాకపోగా తరువాతి శతాబ్దమున న్యూపోర్టు బానిసవర్తకమునకు పెద్ద రేవయ్యెను. భిన్నవిశ్వాసికి ఆశ్రయమిచ్చిన హృదయముకూడ యుద్ధకాలమున తనకు అన్నము పెట్టినవారి పిల్లల విషయమున ఇట్లు చెదరెను. అతని కీర్తికి లోపము వచ్చునని ఈ సంగతిని విడిచిపెట్టుట మాకు సమ్మతము కాదు.

ఊరు కాలిన రెండు దినములకు మసాచుసెట్సు ప్రభుత్వమువారు కరుణించి, తన భిన్నమతమును ప్రచారము చేయకున్నచో తమ దేశమున తలదాచుకొనవచ్చునని సెలవిచ్చిరి. నలువదియేండ్ల క్రిందటి షరతే. విలియమ్సు బూడిదలో మిగిలిన ప్రావిడెన్సునందే యుండెను.

1683 ఆరంభమున అతడు మరణించెను. ఊరివారు ఇంటివెనుక భూమిలో పాతిపెట్టిరి, రాయి నాటలేదు. 1663 లో జాన్ క్లార్కు రెండవ చార్లెసు రాజువలన పొందిన సనదులో, మతాభిప్రాయభేదముచేత ఎవరిని బాధింపరాదను నియమము స్పష్టముగ చేర్చబడియుండెను. రోడు ఐలెండు 1843 వరకు ఆ సనదుక్రిందనే పాలింపబడెను. యూదులు న్యూపోర్టులో 1763 లో ప్రతిష్ఠించుకొన్న ప్రార్థనామందిరము నేటికిని నిలిచియున్నది. 1860 లో ప్రావిడెన్సు పౌరులు స్మారకచిహ్నము నిలుపగోరి విలియమ్సు సమాధిని త్రవ్విరి. ఎముకలు లేవు. చెంతనున్న సీమరేగుచెట్టు వేరొకటి శవపేటికలోనికి దిగి, మనిషి పరుండిన ఆకారముననే వంగి, మోకాళ్ళయొద్ద రెండుగ చీలియుండెను. ఆ వేరును నేటికిని అచ్చటి చరిత్రపరిశోధక సంఘమువారు భద్రపరచియున్నారు. మసాచుసెట్సు శాసనసభవారు విలియమ్సుపై బహిష్కారపు టాజ్ఞను 1936 లో రద్దుచేసిరి.